మగ్గం గదిలో నీళ్ళ చెంబు

గుడికి పోతే పూజారి తీర్థమైనా పోస్తాడు. మా అత్త మగ్గం గదిలోకి మాత్రం నీటి చుక్కను కూడా రానివ్వదు. ధర్మవరంలో ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి వారంలోనే నాకా సంగతి తెలిసింది. ఎండాకాలం. మా ఇంటాయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు, చొక్కా లేని వీపు మీద చెమట కాలువలు కడుతోంది. కొత్త పెళ్ళికూతురిని కదా, ప్రేమ పొంగుకొచ్చి చెంబు నిండా నీళ్ళు తీసుకుని గడప దాటబోయాను. పక్క గదిలో రాట్నం మీద కండెలు చుడుతున్న అత్త అక్కడి నుంచే కేక పెట్టింది.

"ఏయ్ పిల్లా! ఆడనే నిలబడు! పట్టు మీద నీళ్ళు పడితే ఏమైతాదో తెలుసునా నీకు?"

నాకు తెలియదు. మా పుట్టింట్లో నేసేది నూలు. నూలు మీద నీళ్ళు పడితే ఆరిపోతాయి, అంతటితో సరి. రంగు వేసిన పట్టు అలా కాదు. చుక్క పడి ఆరితే చుట్టూ గీత గీసినట్టు మచ్చ మిగిలిపోతుంది. అత్త కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మగ్గం పక్కన నిలబడి నీళ్ళు తాగిందట. పెళ్ళిచీర కొంగు మీద ఒక్క చుక్క పడింది. షావుకారు చీర వెనక్కి పంపేశాడు. ఆమె మామ ఆ చీరను మడత పెట్టనివ్వకుండా, వస్తూ పోతూ ఆమె కంటపడేలా గోడకు మేకు కొట్టి వేలాడదీశాడు. చీర ఎప్పుడో పోయింది, మామా పోయాడు, మేకు మాత్రం ఇప్పటికీ ఉంది. ఆ మేకు చూసిన మనిషి నీళ్ళ చెంబును చూసి అరవకుండా ఎలా ఉంటుంది?

కాబట్టి మా ఇంట్లో నీళ్ళు వంటింట్లోనే. తాగాలంటే మగ్గం మీద నుంచి లేవాలి. లేవడమంటే మాటలు కాదు. మేము నేసేది పెద్దంచు చీరలు. మా ఇంటాయన చీర ఒళ్ళు నేస్తుంటే, పక్కన కూర్చుని, దారం కండె ఉండే అంచు నాడెను అటూ ఇటూ విసిరేది నేను. నేను లేస్తే ఆయన చెయ్యి కూడా ఆగుతుంది. ఆయన నోరు తెరిచి ఏమీ అనడు గానీ, ఆగిన మగ్గం ముందు ఆయన కూర్చునే తీరు చూస్తే పోయిన ప్రాణం తిరిగొచ్చే దాకా ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. అందుకని నీళ్ళు తాగకపోతే లేవాల్సిన పనే ఉండదు కదా అని కనిపెట్టాను. నేనే కాదు, మా వీధిలో ఆడవాళ్ళందరూ కనిపెట్టిన ఉపాయమే అది. పొద్దున్నే ఒక లోటా, అన్నంతో పాటు ఒక లోటా, అంతే. దప్పిక కూడా కొన్నాళ్ళకు అలవాటు పడి అడగడం మానేస్తుంది.

నడుము నొప్పి మొదలైనప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. నేత ఇంట్లో నడుము నొప్పి అంటే వంటింట్లో పొగ లాంటిది, లేకపోతేనే ఆశ్చర్యం. మా ఇంటాయనకు ఉంది, అత్తకు ఉంది, ఎదురింటామెకు ఉంది. అత్త ఆముదం వెచ్చ చేసి రుద్దేది. పాత చీర పేలిక మడిచి నడుముకు బిగించి కట్టేది. ఆమె చేతులు గరుకు, మనసు మెత్తన. "నాకు నీ వయసులో ఇంతకంటే ఎక్కువ ఉండె," అంటూ రుద్దేది. ఆ ముక్క వినగానే నొప్పి కొంచెం తగ్గేది కూడా.

కానీ ఈ నొప్పి వేరు. నడుము మధ్యలో కాదు, ఎడమ పక్కన పక్కటెముకల కింద మొదలై, మెలి తిప్పుకుంటూ ముందుకు పొత్తికడుపు దాకా దిగేది. ఒకనాడు చలిజ్వరం వచ్చింది. ఒంటికి పోతే ఎర్రగా కనిపించింది. అప్పుడు భయపడి మా ఊళ్ళోనే చిన్న ఆసుపత్రికి పోయాం, నేనూ అత్తా. అక్కడి డాక్టరమ్మ కడుపు మీద జిగురు పూసి స్కాన్ చేసింది.

"ఎడమ కిడ్నీ వాచిందమ్మా. అందులో నీళ్ళు చేరినాయి. కింద ఏదో అడ్డం ఉన్నట్టుంది, ఈ మిషన్లో సరిగా కనపడ్డం లేదు. అనంతపురం పోయి సీటీ స్కాన్ తీయించుకోండి. ఆలస్యం చేయొద్దు."

జ్వరానికి మాత్రలు రాసి పంపింది. ఆలస్యం చేయొద్దన్న మాట నాకూ వినపడింది. కానీ మగ్గం మీద పెళ్ళిచీర కొంగు దగ్గరికి వచ్చి ఉంది, ముహూర్తం తరుముతోంది. చీర మగ్గం మీద నుంచి కోసి ఇచ్చేసి పోదామన్నాను. జ్వరం కూడా కాస్త తగ్గింది.

అత్తకు మాత్రం వినపడిన మాట వేరే. కిడ్నీలో నీళ్ళు చేరాయి! ఇంటికొచ్చిన వెంటనే వంటింట్లో బిందె మీద మూత పెట్టి, ఆ మూత మీద రుబ్బురోలు పొత్రం పెట్టింది. నవ్వులాటకు చెప్పడం లేదు, నిజంగానే పెట్టింది.

"చేరిండే నీళ్ళకే దిక్కు లేదు, ఇంగా పైన పోస్తారా? నీళ్ళు ఇంకిపోయేదాకా నువ్వు చుక్క ముట్టద్దు. గొంతు ఎండితే చెప్పు, తడిగుడ్డ పెడతా."

మరి ఆమె లెక్క తప్పని ఎలా అనుకుంటాం? చెరువు నిండిందంటే ఇంకా నీళ్ళు పోస్తామా? మా ఇంటాయన కూడా సరేనన్నాడు. నాకూ సబబుగానే తోచింది. అన్నంలోకి మజ్జిగ కూడా మానేశాను. పెసరపప్పు పొడి పొడిగా, రొట్టె, ఇవే. అత్త తన చేత్తో తడిగుడ్డ నా పెదాల మీద పెట్టేది. చిన్నపిల్లకు పెట్టినట్టు పెట్టేది. నన్నెవరూ అంత ముద్దుగా చూసుకోలేదు, నిజం చెప్తున్నాను.

చీర కోసిన మర్నాడు వాంతులు పట్టుకున్నాయి. కళ్ళు తిరిగి గడపలోనే కూలబడ్డాను. రైల్లో అనంతపురం పోయాం ముగ్గురం. పెట్టె నిండా జనం. కూరగాయల గంపతో కూర్చున్న ఒకామె నా మొహం చూసి లేచి నిలబడింది. "కూచో అక్కా," అంది. తర్వాత ఆమెను ఎన్నిసార్లు తలుచుకున్నానో.

పెద్దాసుపత్రిలో కిడ్నీ డాక్టరు మా ప్రాంతం మనిషే. మాట కటువు, చూపు మాత్రం నిదానం. రక్త పరీక్ష చూసి నుదురు చిట్లించాడు.

"రక్తంలో ఉప్పు ఇంత పెరిగిందేమమ్మా? కుడి కిడ్నీకి కూడా కష్టంగా ఉండాది. నీళ్ళు బాగా తాగుతాండావా?"

నేను నోరు తెరిచే లోపలే అత్త ముందుకొచ్చింది. చదువులో మొదటొచ్చిన పిల్ల తల్లిలా ఉంది ఆమె మొహం.

"చుక్క ముట్టనీలేదు సార్! నీళ్ళు చేరినాయి అన్నప్పటి నుంచి బిందె మీద పొత్రం పెట్టినా!"

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. కోప్పడతాడనుకున్నాను, కోప్పడలేదు. అత్త వైపు కుర్చీ తిప్పుకుని కూర్చున్నాడు.

"అవ్వా, మడికి పోయే కాలవలో రాయి అడ్డం పడింటే పైన నీళ్ళు నిలబడతాయి కదా. రాయి తీస్తాం గానీ కాలవకు నీళ్ళు మానుకుంటామా? ఆ కిడ్నీలో ఉండేది పారకుండా నిలిచిన నీళ్ళు. రెండోదానికి నీళ్ళు కావాల. అదీ ఎండిపోతే ఎట్ల?"

అత్త తల ఊపింది. నోట్లో నాలుక ఆగని మనిషి అలా నిలబడిపోయేసరికి నా రోగం కంటే అదే ఎక్కువ భయం వేసింది.

నా చేతికి సెలైన్ పెట్టి, ముందు మామూలు సీటీ స్కాన్ తీయాలన్నారు. నరంలోకి డై మందు ఎక్కించి తీసే స్కాన్ ఇప్పుడు వద్దు, కిడ్నీలకు బరువవుతుంది అన్నారు. స్కాన్ గదిలో మిషన్ నడిపే అమ్మాయి నన్ను చూసి నవ్వింది. నా మంగళసూత్రానికి వేలాడుతున్న పిన్నీసుల గుత్తిని చూసి నవ్వింది. నేతగత్తె దగ్గర పిన్నీసులు లేకుండా ఎలా?

"అక్కా, ఇదేం ఇనుప అంగడా? పిన్నీసులన్నీ తీసి మీ అత్త చేతికియ్యి. తాళి తీయొద్దులే, భుజం పైకి సర్దుకో."

పెద్ద తెల్లటి చక్రం, మధ్యలో సన్నని పడక. పడుకుంటే అదే లోపలికి పోయింది, బయటికొచ్చింది, మళ్ళీ పోయింది. నాడె గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ అటూ ఇటూ విసిరిన నాడెలో ఈరోజు కండె బదులు నేనే పడుకున్నాననుకున్నాను. "గాలి పీల్చుకో, పట్టుకో, వదులు," అని అద్దం వెనక నుంచి ఆ పిల్ల గొంతు. ఆపుకోవడం నాకు కొత్తేమీ కాదు. బుద్ధిగా పట్టుకున్నాను. నొప్పి లేదు, కోత లేదు, ఒక పాట విన్నంత సేపు కూడా పట్టలేదు.

డాక్టరు తెర మీద చూపించాడు. నా కడుపును పైనుంచి కిందికి బెల్లం అచ్చును కోసినట్టు పలచగా కోసి చూపిస్తోంది ఆ మిషన్. ఎడమ కిడ్నీ కింద, మూత్రం దిగే సన్న గొట్టంలో తెల్లని చుక్క. చింతగింజంత రాయి. మా ఊరి స్కాన్లో దొరకని దొంగ ఇక్కడ దొరికిపోయాడు. ఇన్నాళ్ళూ అత్త ఆముదం రుద్దింది నడుముకు, నొప్పి పుట్టింది ఈ రాయి దగ్గర.

అప్పుడు డాక్టరు అసలు సంగతి చెప్పాడు.

"ఈ రాయి ఈడ శానా దినాల నుంచి ఉన్నట్టుండాది. ఇప్పటికి లోపల సన్న గొట్టం వేసి నీళ్ళు దిగేట్టు చేస్తాం. రక్తం బాగైనాక డై పెట్టి ఇంగోసారి స్కాన్ తీస్తాం. ఎడమ కిడ్నీ బతికుంటే అది తెల్లగా వెలుగుతాది. రాయి తీసేసి కిడ్నీ ఉంచుకుంటాం. వెలగకపోతే, పని చేయని దాన్ని లోపల పెట్టుకుంటే చీము పడుతుంది. తీసేయాల్సి వస్తాది."

ఒక్క కిడ్నీతో కూడా మనుషులు బాగానే బతుకుతారని ఆయనే అన్నాడు. నాకు మాత్రం మగ్గమే కళ్ళ ముందు కదిలింది. కడుపు కోసి కుట్టిన మనిషి మళ్ళీ రోజంతా వంగి కూర్చోగలదా? అంచు నాడె విసిరేవాళ్ళు లేకపోతే మా ఇంటాయన పెద్దంచు చీర నేయలేడు. ఆయన ఆ రోజు ఆసుపత్రి వరండాలో నా పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టుకుని అన్నాడు. "మగ్గం సంగతి నువ్వు తలుచుకోవద్దు. నువ్వుంటే సాలు." పెళ్ళయినప్పటి నుంచి ఆయన నాతో అంత పొడుగు మాట మాట్లాడలేదు. దాచుకున్నాను ఆ మాటను.

గొట్టం వేసిన తర్వాత కొన్ని వారాలు ఇంట్లోనే. అత్త బిందె మీద పొత్రం తీసేసింది గానీ మాటలు మాత్రం తగ్గించేసింది. నీళ్ళు తెచ్చి మంచం పక్కన పెట్టేది, నేను తాగేదాకా నిలబడేది, ఖాళీ లోటా తీసుకుని పోయేది. తిట్టేది కాదు. నేనే కావాలని ఆమె రాట్నం పని మీద వంకలు పెట్టి కయ్యానికి దిగినా "ఊ" అనేది. అత్త తిట్టని ఇల్లు ఇల్లులా లేదు.

రెండో స్కాన్ నాడు మళ్ళీ అదే గది, అదే అమ్మాయి. ఈసారి పిన్నీసులు ఇంట్లోనే తీసి వచ్చాను. చేతి నరానికి సూది పెట్టి డై ఎక్కిస్తామంది. అత్త చాలా రోజుల తర్వాత నోరు విప్పింది.

"ఏం రంగు తల్లీ అది?"

"రంగేం లేదవ్వా. నీళ్ళ మాదిరే ఉంటాది. మిషన్లో మాత్రం తెల్లగా కనపడతాది. అక్కా, ఎక్కేటప్పుడు ఒళ్ళంతా ఎచ్చగా అయితాది. బట్టల్లోనే పోసుకున్నట్టు అనిపిస్తాది. నిజంగా పోసుకోవు, భయపడద్దు."

ముందే చెప్పింది కాబట్టి సరిపోయింది. గొంతులో మొదలైన వేడి కడుపులోకి, తొడల్లోకి పాకింది. ఇన్నేళ్ళు బిగపట్టి బతికినదాన్ని ఇంతమంది ముందు పరువు పోగొట్టుకున్నాననే అనుకున్నాను. పడక బయటికి రాగానే చీర తడిమి చూసుకున్నాను, పొడిగానే ఉంది. ఆ అమ్మాయి అద్దం వెనక నవ్వుతూనే ఉంది. కానీ బయటికొచ్చాక మొహంలో నవ్వు లేదు.

"ఇంగో ఫొటో తీయాలక్కా. నీళ్ళు తాగి కొంచేపు నడిచి రా."

ఎందుకని అడిగితే సార్ చెప్తాడంది. ఆ వరండాలో అత్తా నేనూ నడిచాం. మా ఇంటాయన బెంచీ మీద తల వంచుకుని కూర్చున్నాడు. అత్త నా మోచెయ్యి పట్టుకుని నడుస్తోంది, చేతిలో నీళ్ళ బాటిల్. కిటికీల దగ్గర తిరిగే ప్రతిసారీ మూత తీసి ఇచ్చేది. ఉన్నట్టుండి నిలబడిపోయింది.

"నేను పొత్రం పెట్టకపోయింటే..."

గోడ వైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. నాకు ఏడుపొచ్చింది, దాంతో పాటు కోపం కూడా. తడిగుడ్డ పట్టుకుని నా మంచం పక్కన మేల్కొని కూర్చున్న మనిషి ఈమె. నా కన్నతల్లికి కూడా అంత ఓపిక ఉండేది కాదు. తెలియక చేసింది, ప్రేమతో చేసింది, ఇద్దరం కలిసే చేశాం.

"అత్తా, గమ్మునుండు. నువ్వు ఏడిస్తే ఆ కిడ్నీ భయపడి దాంకుంటాది. మామూలుగా తిట్టు, బయటికొస్తాది."

"తిట్టేదానికి ఏముండాదే నీలో, చీపురుపుల్ల మాదిరి అయినావు," అంది ముక్కు చీదుతూ. ప్రాణం లేచొచ్చింది నాకు.

మళ్ళీ పడుకున్నాను, మళ్ళీ లోపలికి పోయి వచ్చాను. డాక్టరు ముగ్గురినీ తెర ముందుకు పిలిచాడు. కుడి పక్క కిడ్నీ మొదటి ఫొటోలోనే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఎడమ పక్కది మసక. ఆయన నిదానంగా తర్వాతి ఫొటో తెచ్చాడు.

"ఇది ఇప్పుడు తీసింది. చూడు."

ఎడమ కిడ్నీ వెలిగింది. కుడిదంత కాదు గానీ వెలిగింది. దాని నుంచి తెల్లని గీత గొట్టం వెంట కిందికి దిగి వస్తోంది.

"ఆలస్యంగా లేచింది, అంతే. పని చేస్తాండాది. తీసేయాల్సిన పని లేదు. రాయి పొడి చేసి తీస్తాం, గొట్టం తీసేస్తాం. ఇంగ నీళ్ళు తాగేది మీ చేతిలో ఉండాది."

అత్త చెప్పులు విడిచి ఆ తెరకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. డాక్టరు వద్దవ్వా అంటున్నా వినలేదు, తర్వాత ఆయనకూ పెట్టింది, గుమ్మం దగ్గర నిలబడిన ఆ స్కాన్ అమ్మాయికీ పెట్టింది. ఆ మిషన్ ఎవరు కనిపెట్టారో నాకు తెలియదు. ఏ దేశం వాళ్ళో, ఏ కులం వాళ్ళో. వాళ్ళ కడుపు చల్లగుండాలి. కోయకుండానే నా కడుపులోకి చూసి, చచ్చిందనుకున్న కిడ్నీ బతికే ఉందని చెప్పిన వాళ్ళు. రైల్లో సీటిచ్చిన ఆమె, భయపడొద్దని ముందే చెప్పిన ఆ పిల్ల, తిట్టకుండా కాలవ సంగతి చెప్పిన ఆ డాక్టరు, అందరికీ నేను రుణపడ్డాను.

రాయి తీశారు, గొట్టం తీశారు. మళ్ళీ మగ్గం దగ్గర కూర్చోవచ్చని డాక్టరు చెప్పిన రోజు మా ఇంటాయన కొత్త పడుగు ఎక్కించాడు. కుంకుమ రంగు, పెద్ద జరీ అంచు. చుక్క పడితే దాచలేని రంగు. నేను పక్కన కూర్చుని నాడె అందుకున్నాను. చేతులు మరిచిపోలేదు. అంచు పట్టింది, ఆయన చెయ్యి సాగింది, ఇద్దరం ఆ పనిలో పడిపోయాం. గొంతు ఎండిన సంగతి నాకు తెలియనేలేదు. లేవాలని కూడా గుర్తు లేదు.

పక్క గదిలో రాట్నం చప్పుడు ఆగింది.

తలెత్తి చూస్తే అత్త గడప అవతల నిలబడి ఉంది. చేతిలో చెంబు, నిండుగా. ఆమె కళ్ళు ఒకసారి గోడ మీది మేకు వైపు పోయాయి, పడుగు వైపు పోయాయి. తర్వాత కుడికాలు ఎత్తి గడప దాటింది. చెంబు కింద కొంగు పట్టుకుని, నిండు గర్భిణిలా ఒక్కో అడుగూ వేసుకుంటూ మగ్గం పక్కకు వచ్చింది. మా ఇంటాయన చెయ్యి ఆపేశాడు.

"అమ్మా, పట్టు..."

"నువ్వు గమ్మునుండప్పా. తాగవే."

"నేనే లేచి వంటింట్లోకి పోతా అత్తా. చుక్క పడితే?"

"పడనీ. చీర ఇంగోటి నేస్తాం. తాగు."

రెండు చేతులతో చెంబెత్తాను. ఎంత జాగ్రత్తగా ఎత్తినా చెంబు అడుగు నుంచి ఒక చుక్క జారి, అప్పుడే నేసిన కుంకుమ రంగు మీద పడింది. ముగ్గురం చూశాం. నేను చెంబు దించబోయాను.

అత్త నా చెయ్యి పట్టుకుని చెంబును మళ్ళీ నోటి దగ్గరికి తోసింది.

"ఇంగా సగం ఉండాది," అంది.